లినక్స్ వేసుకో, ముందు ఆ 48 అంకెలు రాసుకో

మద్దిలపాలెం, విశాఖపట్నం

చిన్నీ,

ల్యాప్‌టాప్‌లో విండోస్ పక్కన, అలాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ కూడా వేస్తావటగా, మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. "మెషీను పాడవదు కదా అక్కా?" అని వాడి గాభరా వాడిది. మనింటి ఆడపిల్ల ల్యాప్‌టాప్ లోపల ఏముందో చూస్తానంటోందని నాకైతే ఒకటే సంబరం. కానీ భయం లేదని అబద్ధమెందుకు చెప్పాలి? దాని వాయిదాలు ఇంకా తీరలేదు. పైగా నాయనమ్మ ఫోటోలన్నీ దాంట్లోనే ఉన్నాయి, వేరే కాపీ ఎక్కడా లేదు. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు నువ్వు చిన్నపిల్లవి, వస్తువు పోతే మళ్లీ కొనుక్కోవచ్చని, ఫోటో పోతే పోయినట్టేనని నీకు అప్పట్లో తెలిసే వయసు కాదు. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి ఫోటోలన్నీ కాపీ చేసి, దాన్ని ఇంకో కంప్యూటర్‌కి పెట్టి నాలుగు ఫోటోలు తెరిచి చూడు. ఆ తర్వాతే మిగతా పని.

ఏ లినక్స్ మంచిదని స్నేహితులతో వాదన పెట్టుకోకు. అడగాల్సింది నీ మెషీనులో ఏ చిప్పులున్నాయని. 8 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకుని రూఫస్ అనే ప్రోగ్రాముతో ఉబుంటు అనే లినక్స్ ఎక్కించి, ఇన్‌స్టాల్ నొక్కకుండా "ట్రై"లో నడిపి చూడు. వైఫై, స్పీకర్లు, మైకు, కెమెరా, టచ్‌ప్యాడు, వెలుగు తగ్గించే మీటలు అన్నీ చూడు. మూత వేసి పది నిమిషాలాగి తియ్యి: తెర తిరిగి రావాలి, వైఫై కూడా తిరిగి రావాలి. వేలిముద్ర పనిచెయ్యకపోతే దిగులు పడకు, చాలా సెన్సర్లకి లినక్స్‌లో డ్రైవరు, అంటే వాటిని నడిపే సాఫ్ట్‌వేరు, లేదు.

వైఫై కనిపించకపోతే, ఆజ్ఞలు టైపు చేసే టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ అని, ఒక ఖాళీ వదిలి, హైఫన్ పెట్టి ఎన్‌ఎన్‌కే అని కొట్టు. నెట్‌వర్క్ కంట్రోలర్ అన్న వరుస కింద "కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్" అన్న మాట లేదంటే ఆ చిప్పుకి డ్రైవరు దొరకలేదని అర్థం. రియల్‌టెక్ 8852బీఈ అయితే లినక్స్‌కి గుండెకాయలాంటి కెర్నల్‌లో 6.2 నుంచి డ్రైవరు ఉంది, కాబట్టి పాత ఉబుంటు 22.04 డీవీడీ ఎవరో ఇచ్చారని అది వెయ్యకు, 24.04 వెయ్యి. మీడియాటెక్ ఎంటీ7902 అని వస్తే దాంతో కుస్తీ వద్దు, ఆ చిప్పుకి ఏళ్ల తరబడి డ్రైవరే రాలేదు. కార్డు మార్చెయ్యి. ఇంటెల్ ఏఎక్స్210 అడుగు. షాపువాడు "ఏఎక్స్211 కొత్తది, ఇది తీసుకోండి" అంటాడు, వద్దను. 211లో సగం పని ఇంటెల్ ప్రాసెసరే చేస్తుంది, ఏఎమ్‌డీ మెషీనులో అది అసలు పలకదు. 210 రెంటిలోనూ నడుస్తుంది. మార్చేటప్పుడు ముందు బ్యాటరీ కనెక్టరు పీకు. యాంటెన్నా తీగల చివర ఆవగింజంత గుండ్రటి టోపీ ఉంటుంది, దాన్ని కార్డు మీద సరిగ్గా నిలువుగా పెట్టి వేలితో నొక్కితే టిక్‌మని కూర్చుంటుంది. పక్కనుంచి తోశావో, అంచు నలిగిపోతుంది, ఇక పట్టు ఉండదు. అందాకా నెట్ కావాలంటే ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యి.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఉత్తరం ఇందుకే రాస్తున్నాను, కాస్త నిదానంగా చదువు.

ఇన్‌స్టాలర్‌లో ఒక్కోసారి నీ ఎస్‌ఎస్‌డీ, అంటే లోపలి డిస్కు, కనిపించదు. ఇంటెల్ మెషీన్లలో డిస్కుని ఆర్‌ఎస్‌టీ లేదా వీఎమ్‌డీ అనే ఏర్పాటు వెనక పెట్టి పంపిస్తారు. ఇప్పటి కెర్నల్‌లో వీఎమ్‌డీకి డ్రైవరు ఉంది, కాబట్టి డిస్కు కనిపిస్తే బయోస్‌లో, అంటే విండోస్ లేవకముందే తెరుచుకునే సెట్టింగుల తెరలో, దేన్నీ ముట్టుకోకు. కనిపించకపోతే ఏ వీడియో చూసినా ఒకటే మాట: "బయోస్‌లోకి వెళ్లి ఏహెచ్‌సీఐకి మార్చండి." అంటే ఆ ఏర్పాటు ఆపి డిస్కుని మామూలు దారిలో పెట్టమని. పిల్లలు మార్చేస్తారు. విండోస్ నీలం తెరతో "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్" అని కూలబడుతుంది. అప్పుడు గుండె జారి షాపుకి పట్టుకెళ్తే "ఫార్మాట్ చేసేద్దాం" అంటారు, ఇంట్లోవాళ్లు సరే అంటారు. పాడయ్యేది అక్కడ.

నిజానికి ఆ నీలం తెర వచ్చినప్పుడు డిస్కులో ఒక్క ఫైలు కూడా చెదరదు. విండోస్ లేచేటప్పుడు తనకి అలవాటైన స్టోరేజీ డ్రైవర్నే ఎక్కిస్తుంది, తక్కినవాటిని నిద్రపుచ్చి ఉంచుతుంది. నువ్వు దారి మార్చేసరికి దానికి డిస్కు చేరే డ్రైవరు లేదు, అంతే. బయోస్‌లో మళ్లీ పాత చోటికి తిప్పితే లేస్తుంది. ఇది గుర్తుపెట్టుకున్నావంటే నిన్నెవరూ భయపెట్టలేరు.

డిస్కు కనిపించనప్పుడు సరిగ్గా చెయ్యాలంటే వరస ఇది. ముందు సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్, అంటే డిస్కుకి వేసే తాళం, చూడు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెట్టిన కొత్త మెషీన్లలో అది దానంతటదే ఆన్ అయి ఉంటుంది. బయోస్‌లో మార్పు చేస్తే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ నీ మైక్రోసాఫ్ట్ ఖాతా పేజీలో ఉంటుంది, చూసి కాగితం మీద రాసుకో. స్క్రీన్‌షాట్ తీసి అదే ల్యాప్‌టాప్‌లో దాచావంటే మాత్రం నా చేత తిట్లు తింటావు. రాసుకున్నాక ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసి, ఛార్జరు పెట్టి, పూర్తయ్యేదాకా ఆగు. తర్వాత ఖాతా పాస్‌వర్డ్ గుర్తుందో లేదో చూసుకో, విండోస్ కనీస డ్రైవర్లతో లేచే సేఫ్ మోడ్‌లో పిన్ పనిచెయ్యకపోవచ్చు. అప్పుడు ఎమ్‌ఎస్‌కాన్ఫిగ్ తెరిచి, బూట్‌లో సేఫ్ బూట్, మినిమల్ టిక్ పెట్టి రీస్టార్ట్ చెయ్యి. ఎఫ్2 నొక్కుతూ బయోస్‌లోకి వెళ్లు. నీది ఏసర్ అన్నాడు నాన్న, దాంట్లో ఆ ఆప్షన్ దాగి ఉంటుంది: మెయిన్ ట్యాబ్‌లో కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే బయటికొస్తుంది. వీఎమ్‌డీ ఆపి, ఎఫ్10తో సేవ్ చెయ్యి. సేఫ్ మోడ్‌లో లేచిన విండోస్ తనకి కావలసిన డ్రైవర్ని తానే లేపుకుంటుంది. లోపలికెళ్లి ఆ టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్ చెయ్యి. సరిపోయింది.

మిగతావి చిన్నవే. డిస్కులో చోటు విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే తగ్గించు. ఇన్‌స్టాలర్‌లో కనిపించే చిన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్ని (డిస్కులో విడిగా ఉండే ముక్క) ఫార్మాట్ చెయ్యకు, రెండూ లేచేది దాన్నుంచే. ఫాస్ట్ స్టార్టప్ ఆపెయ్యి, లేకపోతే షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, లినక్స్ నుంచి ఆ డ్రైవ్‌లో రాయనివ్వదు. ఎన్‌విడియా గ్రాఫిక్స్ చిప్పు ఉంటే, నమ్మకం లేని సాఫ్ట్‌వేరుని లేవనివ్వని సెక్యూర్ బూట్ తియ్యక్కర్లేదు. డ్రైవరు వేసేటప్పుడు నువ్వు పెట్టిన పాస్‌వర్డ్‌ని తర్వాతి బూట్‌లో నీలం తెర మీద ఒకసారి అడుగుతుంది, "ఎన్‌రోల్ మోక్" ఎంచుకుని అది కొట్టు. ఖంగారుపడి కంటిన్యూ నొక్కావో, డ్రైవరు ఎక్కదు. లినక్స్ నుంచి విండోస్‌కి వచ్చాక గడియారం సరిగ్గా అయిదున్నర గంటలు వెనక్కి చూపిస్తే చిప్పు పాడైందనుకోకు. లినక్స్ లోపలి గడియారంలో గ్రీనిచ్ కాలం రాస్తుంది, విండోస్ దాన్ని మన కాలమనుకుంటుంది. లినక్స్ టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 అని ఒక్కసారి కొడితే సర్దుకుంటుంది.

విండోస్‌ని పూర్తిగా తీసెయ్యాలన్న ఆవేశం మాత్రం వద్దు. క్యాంపస్ సెలెక్షన్లలో పెట్టే, పరీక్షప్పుడు ఇంకేదీ తెరవనివ్వని లాక్‌డౌన్ బ్రౌజర్లు చాలావరకు లినక్స్‌లో నడవవు, లినక్స్ లోపలే వర్చువల్ మెషీనులో విండోస్ పెట్టి నడిపితే పట్టేస్తాయి. మీ నాన్న ఆఫీసులో ఉన్న కానన్ 2900 ప్రింటరు కూడా లినక్స్‌లో నానా తిప్పలు పెడుతుంది. తెలుగు టైపింగ్‌కి ఏ ఇబ్బందీ లేదు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు దాంట్లోనే ఉంది.

శనివారం రాత్రి మొదలుపెట్టకు, అటు నిద్రా ఉండదు ఇటు పనీ అవ్వదు. ఆదివారం పొద్దున్న టిఫిన్ తిన్నాక కూర్చో. ముందు పెన్‌డ్రైవ్‌లో నడిపి, ఆ వైఫై చిప్పు పేరూ, డిస్కు కనిపించిందో లేదో నాకు వాట్సాప్ పెట్టు. 210 కొనాల్సి వస్తే డబ్బులు నేనిస్తాను, నాన్నని అడక్కు.

మీ అత్త