ప్రాగ్‌కు వస్తున్న మేనకోడలికి

అమ్మడూ,

నువ్వు పంపిన జాబితా చూశాను. పద్నాలుగు కాఫీ హోటళ్లు, ఒక్కొక్కదాని పక్కన ఒక ఎర్ర గుండె బొమ్మ. వాటిలో మూడింటిని ఉంచి మిగతావి కొట్టేశాను, కోపం తెచ్చుకోకు. ఫొటోల్లో అందంగా కనబడిన చోటికల్లా వెళ్తే నీ చేతిలో డబ్బు పది రోజుల్లో హారతి కర్పూరమవుతుంది, చెక్ వంట మాత్రం నాలుకకు తగలదు. నేను ఈ ఊరికి కాపురానికి వచ్చి ఇరవై ఆరేళ్లు. మీ మామయ్య అన్నీ తింటారు, నేను మాంసం ముట్టను. నువ్వు కోడి తింటావనీ, గొడ్డు మాంసం, పంది మాంసం వద్దంటావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. కాబట్టి మా ఇద్దరి అనుభవమూ నీకు చెరి సగం పనికొస్తుంది.

మొదట నేర్చుకోవలసింది తినే వేళ. ఇక్కడ వేడివేడిగా వండిన భోజనం అంటే మధ్యాహ్నం భోజనమే. రాత్రికి చాలా ఇళ్లలో రొట్టె, జున్ను, ఏదో ఒక చల్లని పదార్థంతో సరిపెట్టేస్తారు. పని రోజుల్లో పదకొండు నుంచి రెండు దాకా హోటళ్ల ముందు నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసిన పట్టీ ఉంటుంది. దాన్ని ‘పొలెద్నీ మెను’ అంటారు. ఒకటో రెండో సూపులు, మూడు నాలుగు వంటకాలు, అన్నీ ఆ రోజుకే. రెండు వందల కోరునాలకు అటూ ఇటూగా కడుపు నిండిపోతుంది. (ఇక్కడ యూరోలు కావు, కోరునాలు. యూరోలు తీసుకునే దుకాణాలున్నాయి గానీ వాళ్ల లెక్కలో నష్టపోయేది మనమే.) పన్నెండున్నర దాటితే మంచివన్నీ అయిపోయి, బల్ల మీద వాటి పేర్లు అడ్డగీతతో కనిపిస్తాయి. అందుకే పదకొండున్నరకే కూర్చో. పక్క ఆఫీసులవాళ్లు గుంపుగా వెళ్తున్న చోటికి వెళ్లు. నాలుగు భాషల్లో మెను, వాకిట్లో నిలబడి పిలిచే మనిషి ఉన్నచోటికి వెళ్లకు.

వంటకం పేరు పక్కన 1, 3, 7 అని అంకెలుంటాయి. మా అబ్బాయి స్నేహితుడొకడు అవి ధరలనుకుని తెగ సంబరపడ్డాడు. అవి పడని పదార్థాల గుర్తులు. 1 అంటే గోధుమ వంటివి, 3 గుడ్డు, 7 పాలు, 9 సెలరీ. ఇక మూడు మాటలు కంఠతా పట్టు: హొవ్యెజీ అంటే గొడ్డు మాంసం, వెప్ర్‌జొవే అంటే పంది, కుర్‌జెత్సీ అంటే కోడి. చివరి రెండు మాటల్లో ఉన్న ‘ర్‌జ’ అసలు అక్షరం మన నాలుకకు రాదు. వచ్చినట్టు నటించు, వాళ్లు అర్థం చేసుకుంటారు.

‘బెజ్ మసా’, అంటే మాంసం లేకుండా, అని అడిగితే చాలనుకోకు. వచ్చిన కొత్తలో ఒక పల్లె హోటల్లో అలాగే అడిగాను. బంగాళాదుంపల సూపు వచ్చింది. మార్జొరామ్ ఆకు ఘుమఘుమ, ఎండు పుట్టగొడుగుల రుచి, రెండో చెంచాకే ప్రాణం లేచి వచ్చింది. మూడో చెంచాలో ఏదో గులాబీ రంగు ముక్క తగిలింది. పిలిచి చూపిస్తే వడ్డించినాయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. “అది మాంసం కాదండీ, పొగబెట్టిన పంది ముక్కలు, రుచి కోసం వేస్తాం” అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. ఆ పల్లెలో మాంసం అంటే పళ్లెంలో మధ్యన కూర్చునేది, తక్కినదంతా తాలింపు కింద లెక్క. అప్పటి నుంచి ‘నెయీమ్ మసో’, అంటే నేను మాంసం తినను, అని చెప్పి, ఆ తరువాత షుంకా, స్లనినా, సాద్లో కూడా వద్దని విడివిడిగా చెబుతున్నాను. మొదటి రెండూ పంది మాంసంలో రకాలు, మూడోది పంది కొవ్వు. ప్రాగ్‌లో ఇప్పుడు ఇంత అవస్థ లేదు. పట్టీలో ‘బెజ్‌మసే’ అని ఒక వరుస తరచుగా కనిపిస్తుంది, అదే నీ వరుస.

ఆ వరుసలో నీకు ఎక్కువసార్లు ఎదురయ్యేది స్మజెనీ సీర్. దళసరి జున్ను ముక్కను రొట్టె పొడిలో దొర్లించి నూనెలో వేయించి, బంగాళాదుంపలతో, టార్టార్ సాస్‌తో పెడతారు. నెలకు ఒకసారి బాగుంటుంది. శాకాహారం అడిగితే చాలాచోట్ల దీన్నే చేతిలో పెడతారు, రోజూ తిన్నావంటే నీ గుండెకు నేను జవాబుదారీ కాను. చొచ్కా నా కిసెలో వెతుక్కో. అది పుల్లపుల్లగా వండిన మసూర్ వంటి పప్పు, పైన గుడ్డు, పక్కన పులియబెట్టిన దోసకాయ ముక్క. బ్రాంబొరాక్ కూడా మంచిదే, తురిమిన బంగాళాదుంపలో వెల్లుల్లి, మార్జొరామ్ దట్టంగా వేసి పెనం మీద కాల్చిన అట్టు. అందులో స్లనినా కలిపారేమో అడిగి తిను. కులాయ్దా అని ఈ దేశపు దక్షిణ బొహీమియా ప్రాంతపు సూపు ఉంది, పుట్టగొడుగులు, మీగడ, కాస్త పులుపు, మధ్యలో ఒక గుడ్డు. అందులోనూ కొప్రొవ్కా అనే పులుసులోనూ వేసే ‘కొపర్’ అంటే ఏమిటనుకున్నావు? మన సోయకూరే. హైదరాబాదులో నువ్వు ముక్కు మూసుకుని పక్కకు తోసేసిన ఆకును ఇక్కడ మీగడలో వేసి పెడితే మూతి ముడవకుండా తింటావు, చూద్దాం.

స్విచ్కొవా గురించి చెప్పకపోతే మీ మామయ్య ఊరుకోరు. ఈ దేశంలో పండగైనా పెళ్లయినా అదే. క్యారెట్, సెలరీ దుంప, పార్స్‌లీ దుంప బిర్యానీ ఆకుతో కలిపి మెత్తగా ఉడికించి, నూరి, మీగడ కలిపిన కమ్మని సాస్ అది. పైన ఒక నిమ్మ చక్రం, దాని మీద క్రాన్‌బెర్రీ పండ్ల మురబ్బా, గిలక్కొట్టిన మీగడ. సాస్ నారింజ రంగు చూసి కూరగాయల వంటకం అనుకునేవు, అడుగున ఉన్నది గొడ్డు మాంసం. మాంసం తీసేసి పెట్టమన్నా ప్రయోజనం లేదు, సాస్ దానితోనే ఉడికింది. నీకు దక్కేది పక్కనుండే క్నెడ్లీక్. దాన్ని ఇడ్లీతో పోల్చేవాళ్లను నమ్మకు. గోధుమ పిండిలో ఈస్టు, పాలు, నిన్నటి బన్నుల ముక్కలు కలిపి, మోచేయంత దుంగలా చుట్టి నీళ్లలో ఉడికిస్తారు. కోసేది చాకుతో కాదు, దారంతో. మా పక్కింటి పెద్దావిడ దారాన్ని దుంగ కింద నుంచి పోనిచ్చి, రెండు కొసలూ పైన కత్తెరలా దాటించి లాగేది. చాకు నొక్కితే అణిగిపోయే ముక్క దారానికి మెత్తటి దూదిలా ఊడివచ్చేది. ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను, నువ్వొచ్చాక చూపిస్తాను.

ఇప్పుడు అసలు సంగతి. ఇక్కడ తీపిని భోజనంగా తింటారు. భోజనం చివర ముక్క నోట్లో వేసుకోవడం కాదు, పళ్లెం నిండా అదే భోజనం. ముందు ఉప్పగా సూపు తాగి, ఆ వెంటనే ఒవొత్స్నే క్నెడ్లీకి, అంటే పండు పెట్టిన ఉండలు తింటారు. బడిపిల్లలకు మధ్యాహ్నం ఇవి పెట్టారంటే ఆ రోజు పండగే. మొదటి రెండేళ్లు నేను ఈ అలవాటును చూసి నవ్వాను. మాంసం తినని మనిషికి ఈ దేశపు సొంత వంట అంతా ఈ తీపి భోజనాల్లోనే దాగి ఉందని తెలియడానికి అంత కాలం పట్టింది. మనకు బూరెలో పూర్ణం ఎలాగో వీళ్లకు ఉండలో పండు అలాగ. ఆగస్టులో నేరేడు రంగు రేగుపండంత ప్లమ్ పండ్లు వస్తాయి, అప్పుడు తినాలి. పాలు విరిచి తీసిన త్వరోహ్‌తో కలిపిన పిండిని పండు చుట్టూ మూసి ఉడికిస్తారు. పళ్లెంలో నాలుగైదు తెల్లటి ఉండలు, వాటి మీద ఎండిన త్వరోహ్ తురుము, పొడి చక్కెర, ఆ పైన కరిగించిన వెన్న. వెన్న తగిలిన చోట చక్కెర బంగారు రంగు చారలుగా దిగుతుంది. ఫోర్కుతో ఒత్తగానే లోపలి నుంచి ఊదారంగు రసం వచ్చి తెల్లటి తురుములో కలుస్తుంది. ఆగి తిను, పండు లోపల నిప్పులా ఉంటుంది. నా నాలుక రెండుసార్లు కాలింది.

అలాంటిదే మాక్, మన గసగసాలు. ఇక్కడివి తెల్లవి కావు, నీలం కలిసిన నలుపు. మనం కూరకు చిక్కదనం కోసం గుప్పెడు నూరి వేస్తాం, వీళ్లు చక్కెరతో నూరి నూడుల్స్ మీద, రొట్టెల్లో, కొలాచ్ అనే తీపి బన్నుల్లో కుమ్మరిస్తారు. ప్రపంచంలో గసగసాలు ఎక్కువగా పండించే దేశాల్లో ఇదొకటి. తిన్నాక అద్దం చూసుకోకుండా కాలేజీకి వెళ్లకు, పళ్ల సందుల్లో నల్లగా కనబడతాయి.

పోపుకు జీలకర్ర కొనేటప్పుడు మాత్రం నాలాగ మోసపోకు. క్మీన్ అని ఒక పొట్లం కొన్నాను, చూడడానికి అచ్చం జీలకర్రే. చారు తాలింపులో వేయగానే వంటిల్లంతా బేకరీ వాసన. షాజీరాకు దగ్గర చుట్టమది, ఇక్కడి రొట్టెల్లో, క్యాబేజీలో వేసేది. మన జీలకర్రను ఇక్కడ ర్జీమ్స్కీ క్మీన్, అంటే రోము జీలకర్ర, అంటారు. ఆ చారు పారబోయలేక మీ మామయ్యకు చెక్ సూపని చెప్పి పోశాను. ఇంకోసారి చెయ్యమన్నారు.

సరే, నీ కాఫీ హోటళ్లు. కవార్నా అంటే ఇక్కడ కూర్చునే చోటు, కాఫీ దాని కిరాయి. ఒక్క కప్పు పెట్టుకుని గంటన్నర చదువుకున్నా పాత చోట్లలో ఎవరూ లేవమనరు. స్లావియా ఉంచాను. నేషనల్ థియేటర్ ఎదుట, కిటికీ పక్కన చోటు దొరికితే ట్రాములు, వ్ల్తవా నది, దూరాన కోట అన్నీ ఒక చూపులోనే. అధ్యక్షుడు కాకముందు వాత్స్లావ్ హవెల్, ఆయన తోటి రచయితలు చేరిన చోటది. కాఫీ గొప్పదని చెప్పను, కిటికీ గొప్పది. లూవ్ర్ కూడా ఉంచాను. నారొద్నీ వీధిలో మేడ మీద, 1902లో తెరిచారు. ఐన్‌స్టీన్ 1911, 1912లో ఇక్కడి జర్మన్ యూనివర్సిటీలో పాఠం చెప్పిన రోజుల్లో అక్కడికి వచ్చేవాడు. కమ్యూనిస్టులు వచ్చాక మూతపడి, 1992లో మళ్లీ తెరుచుకుంది. అక్కడ ఉదయం పూట వెళ్లు, మధ్యాహ్నం వరుస ఉంటుంది. మూడోది ఓరియెంట్. నల్ల మడోన్నా ఇల్లు అనే క్యూబిస్టు భవనంలో మొదటి అంతస్తు, యోసెఫ్ గొచార్ కట్టింది, 1912 నాటిది. దీపాలు, బట్టలు తగిలించే కొక్కేలు కూడా కోణాలు కోణాలుగా ఉంటాయి. ఊరంతా గుండ్రంగా దొరికే వ్యెనెచెక్ అనే తీపి అక్కడ నలుచదరంగా ఇస్తారు. ఆర్కిటెక్చర్ చదవబోతున్నావు గనుక దీనికి నెలకు రెండుసార్లు వెళ్లినా ఏమీ అనను.

నేను వెళ్లేది మాత్రం త్సుక్రార్నాకు, మిఠాయి కొట్టుకు. ప్రతి పేటలో ఒకటుంటుంది. అద్దాల అల్మరా, రెండు చిన్న బల్లలు, బడి నుంచి మనవణ్ణి తీసుకువస్తూ ఆగిన అమ్మమ్మలు. వ్యెత్ర్నీక్ అడుగు. ఉబ్బిన పొర, కారమెల్ మీగడ, పైన గోధుమరంగు పాకం పూత. మర్యాదగా తినడం కుదరదు, ప్రయత్నించకు. తోడుగా తురెక్ కాఫీ తీసుకుంటే గాజు గ్లాసులో పొడి వేసి మరిగే నీళ్లు పోసి ఇచ్చేస్తారు. కలిపి, పొడి అడుక్కి దిగేదాకా ఆగి, చివరి గుక్క వదిలేయాలి. నీ డికాషన్ కాఫీ నోటికి మొదట మట్టిలా ఉంటుంది. నాకు ఇప్పుడు అదే కావాలి.

చార్లెస్ వంతెన దగ్గర పిండిని కర్రకు చుట్టి బొగ్గుల మీద తిప్పుతూ ‘పురాతన బొహీమియా తీపి’ అని అమ్మే త్ర్‌డెల్నీక్‌ను ఇక్కడి పెద్దవాళ్లెవరూ చిన్నప్పుడు తిని ఎరుగరు. ఐస్‌క్రీముతో ఫొటో దిగాలంటే దిగు, కానీ దాన్ని చెక్ సంప్రదాయమని మీ అమ్మకు పంపకు.

హొస్పొదాకు, అంటే బీరు తాగే చోటుకు, స్నేహితులతో వెళ్లక తప్పదు. తాగకపోతే కొఫొలా తెప్పించుకో, 1960లో కోలాకు బదులుగా పుట్టిన మూలికల పానీయం. బల్ల మీద పెట్టే చిన్న కాగితం మీద గీతలు గీస్తూ పోతారు, అదే నీ బిల్లు, పారేయకు. తాగేవాళ్లు ఆపాలంటే గ్లాసు మీద అట్ట ముక్క పెట్టాలి, లేకపోతే అడగకుండానే ఇంకొకటి వస్తుంది. ఖాళీ కుర్చీ కనబడితే ‘యె తు వోల్నో?’ అని అడిగి, కొత్తవాళ్ల పక్కనే కూర్చోవచ్చు.

లోపలికి అడుగు పెట్టగానే ‘దోబ్రీ దెన్’ అను, వచ్చేటప్పుడు సెలవు తీసుకో. అది చెప్పనివాళ్లను వీళ్లు మనుషుల్లో లెక్కవేయరు. వడ్డించేవాళ్లు నవ్వరు, నీ మీద కోపం కాదు, అదే వాళ్ల మామూలు ముఖం. మంచినీళ్లకు డబ్బు తీసుకుంటారు. టిప్పు బల్ల మీద వదలరు, ఇచ్చేటప్పుడే మొత్తం చెప్పాలి. బిల్లు 187 అయితే నోటు చేతికిచ్చి ‘రెండు వందలు’ అను, చిల్లర దాన్ని బట్టి లెక్క చూసి ఇస్తారు.

నువ్వు దిగేది శనివారం, ఆ రెండు రోజులూ మా ఇంట్లోనే పప్పన్నం. సోమవారం పదకొండున్నరకు నీ కాలేజీ గేటు దగ్గర ఉంటాను, మొదటి పొలెద్నీ మెను నా డబ్బుతో. ఇంగువ డబ్బా ఒకటి, మీ అమ్మ పెట్టిన మాగాయ ఒక సీసా తీసుకురా. గసగసాలు మాత్రం పెట్టెలో వేసుకోకు. నువ్వు వచ్చేది దుబాయ్ మీదుగా, అక్కడ అవి నిషేధం. మీ అమ్మ చూడకుండా ఎక్కడో ఒక పొట్లం దూరుస్తుంది, బయల్దేరే ముందు పెట్టె మొత్తం ఒకసారి దులిపి చూడు.

నీ అత్తయ్య