ఈఎంటీ కోర్సుకి ముందే ఫీజు మొత్తం కట్టమంటున్నారా?

రాజాం తమ్ముడూ, బైపీసీ పాసయ్యావు, ఆరు నెలల ఈఎంటీ (అంబులెన్స్‌లో రోగికి అత్యవసర చికిత్స చేసేవాళ్ల) కోర్సుకి ఫీజంతా ఒకేసారి కడితే 108లో ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు, కట్టాలా వద్దా అనేగా నీ టెన్షన్? ఇప్పుడే కట్టకు. 108లో ఎవరిని తీసుకోవాలో ఆ సర్వీసు నడిపేవాళ్లు చూసుకుంటారు. కోర్సు నడిపేవాళ్ల చేతిలో ఏముంది?

మా పెద్దమ్మ కొడుకు విజయనగరంలో ఒకచోట ఇలాగే చేరి, చివరికి రంగురంగుల సర్టిఫికెట్ పట్టుకుని ఇంటికొచ్చాడు. దాని మీద ఏ బోర్డు పేరూ లేదు. అందుకే సర్టిఫికెట్ ఎవరిస్తారో ముందు అడుగు. రాష్ట్ర పారామెడికల్ బోర్డా, హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిలా? ఏది చెప్పినా, ఈ కోర్సు నడిపే సంస్థకి గుర్తింపు ఉందో లేదో ఆ బోర్డునో కౌన్సిల్‌నో అడిగి నువ్వే కనుక్కో.

నన్నడిగితే అసలు చూడాల్సింది ప్రాక్టికల్స్. ఈ పని పుస్తకంతో రాదు. సీపీఆర్ (గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కి, శ్వాస ఇవ్వడం) అంటే పెద్దవాళ్లకి నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతు నొక్కాలి. 30 నొక్కులకి 2 శ్వాసలు. చదవడానికి తేలికే, బొమ్మ మీద రెండు నిమిషాలు చేస్తే చొక్కా తడిసిపోతుంది! రణస్థలం దగ్గర హైవే మీద బైకు పడిందనుకో, మెడ కదలకుండా మనిషిని స్ట్రెచర్ మీదకి చేర్చడం చేతులకి అలవాటవ్వాలి. ఏ ఆసుపత్రి క్యాజువాలిటీలో, ఎన్ని రోజులు డ్యూటీ వేస్తారో కాగితం మీద రాయించుకో. తర్వాత ఆ క్యాజువాలిటీకే వెళ్లి, వీళ్ల పిల్లలు నిజంగా వస్తున్నారా అని సిస్టర్‌ని అడుగు.

ఫీజు వాయిదాల్లో, రసీదుతోనే కట్టు. ఇంటర్ మెమో ఒరిజినల్ మాత్రం వాళ్ల దగ్గర ఉంచకు, జిరాక్స్ చాలు.