బ్యాటరీ వీల్‌చైర్ అమ్మేముందు, కొనేవారికి ఏ చేయి పనిచేస్తుందో అడగండి

మీ అమ్మగారు వాడిన బ్యాటరీ వీల్‌చైర్‌ను పార్వతీపురంలో నడవలేని ఒకాయన కొంటానంటున్నారని, ఎంతకివ్వాలో, విశాఖ నుంచి ఎలా పంపాలో తెలియడం లేదని రాశారు. నాలుగేళ్ల క్రితం మా నాన్నగారు పోయాక ఆయన కుర్చీని నేను పలాసలో ఒకావిడకు అమ్మాను. అప్పుడు నేను చేసిన తప్పు మీరు చేయకూడదని ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నాన్నగారికి పక్షవాతం ఎడమవైపు వచ్చింది. కుడిచేయి బాగుండేది కాబట్టి కుర్చీని నడిపే జాయ్‌స్టిక్ కుడివైపు పెట్టించాం. కొన్నావిడకు చిన్నప్పుడే పోలియో వచ్చింది. ఇంట్లోనే పిల్లలకు ట్యూషన్లు చెబుతారు. కాళ్లతోపాటు కుడిచేతిలోనూ ఆవిడకు బలం లేదు. ఫోనులో ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ధర, బ్యాటరీ, ఛార్జరు, అన్నీ వచ్చాయి. చేతి సంగతి నేను అడగలేదు. ఆవిడకు అదే మొదటి బ్యాటరీ కుర్చీ, జాయ్‌స్టిక్ ఒకవైపే ఉంటుందని ఆవిడకూ తెలియదు.

కుర్చీ చేరిన సాయంత్రం వీడియో కాల్ చేశారు. ఎడమచేతిని ఒడి మీదుగా అడ్డంగా చాపి కుడివైపు జాయ్‌స్టిక్ అందుకోబోతున్నారు. కుర్చీ గిర్రున తిరిగి మంచం కోడుకు కొట్టుకుంది. "పరవాలేదండీ, అలవాటు చేసుకుంటాను" అన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది. డబ్బిచ్చి కొన్న మనిషి నాకు సర్దిచెప్పవలసి వచ్చింది.

చాలా కుర్చీల్లో జాయ్‌స్టిక్‌ను రెండోవైపుకు మార్చవచ్చు. ఆర్మ్‌రెస్ట్ కింది బోల్టు వదులుచేసి, జాయ్‌స్టిక్ ఉన్న గొట్టాన్ని బయటికి లాగి, వైరును పట్టి ఉంచిన క్లిప్పులు తీసి సీటు కిందుగా అటువైపుకు తేవాలి. మా ఇంట్లోనే చేసి ఉంటే అరగంట పని. పలాసలో సైకిల్ మెకానిక్‌ను వెతికి, నేను ఫోనులో చెబుతుంటే అతను చేసేసరికి మూడు రోజులైంది. కొత్తది వస్తుందన్న ధైర్యంతో ఆవిడ బ్యాటరీ లేని పాత చక్రాల కుర్చీని అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు. ఆ మూడు రోజులూ మంచం మీదే ఉన్నారు.

అందుకే ముందు ఫోన్ చేసి, ఆయనకు ఏ చేయి వాటమో, బరువెంతో, కూర్చున్నప్పుడు తుంటి వెడల్పు ఎంతో, పిరుదుల వెనక నుంచి మోకాలి మడత వరకు ఎంతుందో కొలిపించండి. వాళ్ల స్నానాలగది తలుపు వెడల్పు కూడా అడగండి. సీటు తుంటికంటే ఒకటి రెండు అంగుళాలు ఎక్కువ ఉంటే చాలు. మరీ వదులైతే మనిషి ఒకపక్కకు ఒరిగిపోతాడు. లోతు ఎక్కువైతే సీటు అంచు మోకాలి వెనక ఒరుసుకుని పుండు పడుతుంది. వెన్నుపాము దెబ్బతిని స్పర్శ పోయినవారికి ఆ పుండు పడిన సంగతే తెలియదు. కొలతలు కుదరకపోతే ఆయన ఎంత అడిగినా అమ్మకండి. ఆదాయం తక్కువగా ఉన్న దివ్యాంగులకు కేంద్ర ప్రభుత్వ ఎడిప్ పథకం కింద సహాయ పరికరాలు ఇస్తారు. ఆ సంగతి ఆయనకు తెలుసో లేదో కూడా కనుక్కోండి. అటు ప్రయత్నిస్తానంటే ప్రయత్నించనివ్వండి.

శుభ్రం చేయడానికి ఒక పూట కేటాయించండి. మన ఊరి ఉప్పుగాలికి బోల్టులన్నీ తుప్పు పట్టి ఉంటాయి. మాది పాండురంగాపురం. సాయంత్రాలు అమ్మ పక్కన నడుస్తుంటే నాన్నగారు బీచ్ రోడ్డులో కాళీమాత గుడి వరకు వెళ్లి వచ్చేవారు. ముందు చిన్న చక్రాలు విప్పితే ఇరుసు చుట్టూ ఇసుక, అమ్మ తలవెంట్రుకలు, మల్లెదండ దారం ముక్క ఒకటి బిగుసుకుని ఉన్నాయి. పిన్నీసుతో ఒక్కొక్కటే లాగాను. ఆ దారం పారేయలేకపోయాను. పాత కుషన్ మాత్రం పంపకండి, అది అప్పటికే అణిగిపోయి ఉంటుంది. కొత్తది కొని ఆ ఖర్చు ధరలో చెప్పండి.

ధరను తేల్చేది బ్యాటరీలే. ఛార్జి లేకుండా నెలల తరబడి మూలన ఉంటే లెడ్ యాసిడ్ బ్యాటరీలు చెడిపోతాయి. ఛార్జరు మీద పచ్చలైటు వెలిగిందని నమ్మకండి. పూర్తిగా ఛార్జి చేసి, ఆయనంత బరువున్న మనిషిని కూర్చోబెట్టి సెల్లారులో తిప్పండి, ఎంతసేపు తిరిగిందో వీడియో తీసి పంపండి. మేము 68,000కు కొన్న కుర్చీకి కొత్త బ్యాటరీలు వేయించి 25,000 తీసుకున్నాను. అది న్యాయమైన ధరేనని ఇప్పటికీ అనుకుంటున్నాను.

పంపడంలోనూ నాకు దెబ్బ తగిలింది. పార్సిల్‌లో వేస్తే విడిగా కట్టిన ఫుట్‌రెస్టుల సంచి దారిలో పోయింది. పైగా కుర్చీని ఆఫీసుకు వచ్చి తీసుకెళ్లమన్నారు, నడవలేని మనిషిని! పార్వతీపురం ఎంత, నూట యాభై కిలోమీటర్లు. చిన్న సరుకుల వ్యాను మాట్లాడండి, గుమ్మం ముందే దించుతుంది. మోటార్ల దగ్గర బ్రేకు విడిచే లీవరు ఉంటుంది. అది తెలియక దించేవాళ్లు కుర్చీని ఈడ్చి మోటారు పాడుచేస్తారు, కాబట్టి డ్రైవరుకు చేతితో పట్టి చూపించండి. వ్యానులో ఉన్నంతసేపూ బ్రేకు పడే ఉండాలి, తాడుతో కట్టాలి. బ్యాటరీ వైర్లు విప్పి కొసలకు టేపు చుట్టండి. లిథియం బ్యాటరీ అయితే విమానంలో పంపే కొరియర్ల జోలికి వెళ్లకండి, దానికి ప్రమాదకర సరుకు నిబంధనలు వర్తిస్తాయి.

సగం డబ్బు ముందు తీసుకోండి, మిగతాది ఆయన కూర్చుని నడిపి చూశాకే. డబ్బు అందుకోవడానికి ఎవరూ పిన్ నొక్కనక్కర్లేదు, అలా అడిగితే అది మోసమే. కుర్చీ దించే సమయానికి మీరు ఫోను దగ్గర ఉండండి. ఆయనకు ఎడమచేతి వాటమైతే ఆర్మ్‌రెస్ట్ కింది భాగం ఫోటో ఇక్కడ పెట్టండి, జాయ్‌స్టిక్ ఎటునుంచి విప్పాలో చూసి చెబుతాను.