మనసు ఎటు పోతే అటునుంచి తెచ్చుకోండి
పాఠకుల ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: తెల్లవారుజామున అరగంట ధ్యానానికి కూర్చుంటున్నాను. అయిదు నిమిషాలకే మనసు ఎటో పోతోంది. లేచాక శాంతి మాట అటుంచి, ఇంట్లోవాళ్ళ మీద చిరాకు పడుతున్నాను. ఎందుకిలా?
- ఒక గృహిణి, తిరుపతి

జవాబు: ఆలోచనలే రాకూడదని పట్టుబట్టారమ్మా, ఆ చిరాకంతా అక్కడిదే. మనసు చంచలం, అది ఎటు పోతే అటునుంచి వెనక్కి తెచ్చుకోమని గీత ఆరో అధ్యాయం 26వ శ్లోకం చెబుతోంది. ఇరవైసార్లు పోతే ఇరవైసార్లు తెచ్చుకోవాలి. అభ్యాసమంటే అదే.

ముందు పది నిమిషాలకు తగ్గించండి. దుప్పటిని నాలుగు వేళ్ళ మందాన మడిచి దాని అంచు మీద కూర్చుంటే మోకాళ్ళు కిందికి దిగి, నడుం నిటారుగా నిలుస్తుంది. మోకాళ్ళ నొప్పులుంటే కుర్చీ మేలు, పాదాలు నేలకు ఆనాలి. ఊపిరి వదిలినప్పుడల్లా ఒకటి, రెండు అంటూ పది దాకా లెక్కపెట్టండి. తప్పితే మళ్ళీ ఒకటి నుంచి. చాలామంది ఇక్కడే ఊపిరిని కావాలని సాగదీస్తారు. దాంతో తల తిరుగుతుంది, దడగా ఉంటుంది. అలా అనిపిస్తే లెక్క ఆపేసి మామూలుగా ఊపిరి తీసుకోండి. కునుకు వస్తుంటే కళ్ళు సగం తెరిచి ఎదుటి నేలను చూడండి. అయినా ఆగకపోతే రాత్రి నిద్ర చాలడం లేదన్నమాట, పెందలాడే పడుకోవాలి. మూడు వారాలు కుదిరాక అయిదు నిమిషాలు పెంచండి. కాగానే ఫోన్ తీయకుండా కాసేపు అలాగే ఉండండి.

రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా డాక్టరుకు చూపించుకోండి. ధ్యానం మందుకు బదులు కాదు.

ప్రశ్న: అందరిలో ఉన్నది ఒకే ఆత్మ అని ప్రవచనాల్లో వింటాం. ఇంటికొస్తే పనిచేసే ఆవిడకు వేరే గ్లాసు. ఏకత్వం ఆచరణలో ఎక్కడ మొదలవ్వాలి?
- ఒక ఉపాధ్యాయుడు, చిత్తూరు

జవాబు: ఆ గ్లాసు దగ్గరే. రేపటి నుంచి మీరు తాగే గ్లాసుల్లోనే ఆమెకూ కాఫీ ఇవ్వండి. రాజు నిద్రా, బంటు నిద్రా ఒకటేనని అన్నమయ్య పాడి అయిదు వందల ఏళ్ళు దాటింది. ఏర్పేడు వ్యాసాశ్రమంలో మలయాళస్వామి కులం చూడకుండా, స్త్రీలకు కూడా వేదాంతం బోధించారు. ఇదంతా మన చుట్టుపక్కలే జరిగినా ఇంకా ఆ వేరే గ్లాసు ఉండడం బాధగా ఉంది.

లోపలి సాధనకు పతంజలి నాలుగు భావాలు చెప్పారు: సుఖంగా ఉన్నవారితో మైత్రి, దుఃఖితులపై కరుణ, పుణ్యాత్ములను చూసి ముదిత (అంటే సంతోషం), తప్పు చేసేవారి పట్ల ఉపేక్ష. రాత్రి అయిదు నిమిషాలు, వారానికొక మనిషిని తలచుకుని ‘నాలాగే ఇతనికీ సుఖం కావాలి’ అనుకోండి. మొదటి వారం పాలు పోసే అతనిలా మీకు ప్రేమా ద్వేషమూ లేని మనిషిని ఎంచుకోండి. పడనివారిని నాలుగో వారం దాకా కదపొద్దు, పాత గొడవే మనసులో మళ్ళీ నడుస్తుంది. తోటి టీచరుకు ప్రమోషన్ వచ్చిన రోజు మైత్రికి అసలు పరీక్ష. ఉపేక్ష అన్నారు కదా అని అన్యాయాన్ని చూసీచూడనట్టు వదిలేయకండి. అడగాల్సింది అడగాలి, ద్వేషం మాత్రం పెట్టుకోకూడదు.

ప్రశ్న: గురువు అక్కర్లేదని జిడ్డు కృష్ణమూర్తి గారన్నారు. పుస్తకం చూసి ప్రాణాయామం చేయవచ్చా?
- ఒక విద్యార్థి, మదనపల్లె

జవాబు: మీ ఊళ్ళో పుట్టిన ఆయన 1929లో, తనను అధిపతిగా నిలిపిన సంస్థనే రద్దు చేశారు. కానీ గురువుతోపాటు పద్ధతినీ వద్దన్నారు, కాబట్టి ఇందుకు ఆయన మాట ఆసరా కాదు బాబూ. ఊపిరి లెక్కపెట్టడం ఒంటరిగా చేసుకోవచ్చు. ఊపిరి బిగబట్టే కుంభకం మాత్రం తెలిసినవారి ఎదుట కూర్చుని నేర్చుకోవాలి. బీపీ, గుండెజబ్బు ఉన్నవారు, గర్భిణులు దాని జోలికి పోకూడదు.