ఆయన స్నేహితులు వస్తారు, నా స్నేహితురాలు మాత్రం వద్దా?

మాది కర్నూలు, అత్తగారిల్లు అనంతపురం. పెళ్లయి రెండేళ్లు. ఆదివారమైతే మా ఆయన స్నేహితులు ఇంటికొస్తారు, ఉగ్గాని, బజ్జీ చేసి పెడతాను. డిగ్రీలో నాతో చదివిన స్నేహితురాలి పాప నామకరణానికి మాత్రం ‘పెళ్లయ్యాక ఇంకా ఏం స్నేహాలు’ అని నన్ను పంపలేదు. ఎనిమిది నెలలైంది, తను మళ్లీ ఫోన్ చేయలేదు. అమ్మతో మాట్లాడుతున్నా ఆయన బండి చప్పుడు వినపడితే పెట్టేస్తున్నాను. ఆయన చెడ్డవారు కాదు. నేనేం చేయాలి?

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ బండి చప్పుడు. ఫోన్ పెట్టేయమని ఆయన అన్నట్టు మీరు రాయలేదు. ‘సర్దుకుపో తల్లీ’ అని చెప్పి పంపిన మాట ఆడపిల్ల మనసులో అలా పనిచేస్తూనే ఉంటుంది. ఈసారి బండి ఆగినా మాట్లాడుతూనే ఉండండి. ‘అమ్మ లైన్లో ఉంది, ఐదు నిమిషాలు’ అనండి. దాచినట్టు కనిపిస్తే లేని అనుమానం పుడుతుంది.

ఆయన స్నేహితులను రావద్దనకండి, అది పంతానికి పోతుంది. పెళ్లితో ఆయన ఏ స్నేహమూ వదులుకోలేదు, అందుకే మీ లోటు ఆయనకు తెలియడం లేదు. ఆదివారం అందరూ వెళ్లి, గిన్నెలు సర్దుకున్నాక నెమ్మదిగా చెప్పండి: ‘మీవాళ్లు వస్తే నాకూ సంతోషమే. నాకూ ఒక మనిషి ఉంది, తనూ మనింటికి రావాలి.’ ఒక్కసారికే ఒప్పుకోకపోవచ్చు. మళ్లీ అడగండి.

మొదటి ఆషాఢం తర్వాత పుట్టింటికి ఎన్నిసార్లు వెళ్లారో మీరు రాయలేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన ఆడవాళ్లకు ఛార్జీ కూడా లేదు. ‘శనివారం వెళ్లి ఆదివారం సాయంత్రానికి వస్తా’ అని చెప్పి బయల్దేరండి.

ఫోన్ లాక్కోవడం, గడప దాటనివ్వకపోవడం, చెయ్యి చేసుకోవడం లాంటివి ఉంటే ఇక సర్దుకోవద్దు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

స్నేహితురాలు అలిగిందని అనుకుంటున్నారేమో. చంటిపిల్ల తల్లి, తీరిక దొరక్కపోయి ఉండొచ్చు. మీ కాపురంలో తన వల్ల మాట రాకూడదని ఆగి ఉండొచ్చు కూడా. ముందు మీరే ఫోన్ చేయండి. ఎందుకు రాలేకపోయారో ఆయనను తిట్టకుండా ఉన్నదున్నట్టు చెప్పండి. ఇంకో మూడు నెలల్లో ఆ పాపకు ఏడాది నిండుతుంది. ‘మేమిద్దరం వస్తాం’ అని ఇప్పుడే మాటివ్వకండి, ‘నేను వస్తా’ అని చెప్పండి.