బేస్‌బాల్‌లో జట్ల గెలుపోటముల లెక్కకు అంత ప్రాధాన్యం ఇవ్వాలా?

మీ ప్రశ్న ఇది: ఏ జట్టు ఎన్ని గెలిచింది, ఎన్ని ఓడింది అని అమెరికాలో ఆరు నెలల పాటు రోజూ మాట్లాడుకుంటారు, తీరా ఆఖరున కప్పు తేల్చే వరల్డ్ సిరీస్ ఇంకో జట్టు గెలుస్తుంది, మరి ఆ లెక్కకు నిజంగా అంత విలువ ఉందా?

ఉందనే నా అభిప్రాయం. ఒక్కోసారి కప్పు కన్నా ఎక్కువే ఉంది. కాకపోతే గెలుపుల అంకె ఒక్కటే చూస్తే సరిపోదు, ఆ జట్టు కొట్టిన పరుగులెన్ని, ఇచ్చిన పరుగులెన్ని అన్నది కూడా పక్కన పెట్టుకుని చూడాలి.

నేను ఉండేది సియాటిల్ పక్కన, బెల్‌వ్యూలో. ఇక్కడ ఉద్యోగాలు చేసుకునే తెలుగువాళ్లలో చాలామంది క్రికెట్ వదలరు. నేనూ వదల్లేదు, కానీ ఏప్రిల్ వచ్చిందంటే సియాటిల్ జట్టు మెరైనర్స్ ఆట చూడందే నాకు రోజు గడవదు. ఆ జట్టు సంగతే చెప్తాను.

2021లో మెరైనర్స్ 90 గెలిచి 72 ఓడారు. 2022లోనూ 90–72. 2025లోనూ 90–72. పట్టికలో మూడూ ఒకటే. రోజూ చూసినవాళ్లకు మాత్రం అవి మూడు వేర్వేరు జట్లు. 2021లో మనవాళ్లు కొట్టింది 697 పరుగులు, ఇచ్చింది 748. బిల్ జేమ్స్ అనే బేస్‌బాల్ గణాంకాల నిపుణుడు చెప్పిన సూత్రం ఒకటుంది: కొట్టిన పరుగుల వర్గాన్ని, కొట్టిన, ఇచ్చిన పరుగుల వర్గాల మొత్తంతో భాగిస్తే జట్టు ఎంత శాతం గెలవాలో సుమారుగా తెలుస్తుంది. ఆ ప్రకారం ఆ జట్టు 75 గెలుపుల దగ్గర ఆగిపోవాలి. ఒక్క పరుగు తేడాతో తేలిన ఆటల్లో 33 గెలిచి 19 మాత్రమే ఓడారు కాబట్టి 90 దాకా వెళ్లారు. ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్ అయితే, ఆ ఏడాది ఎనిమిదో ఇన్నింగ్స్ నుంచి రోజూ టెన్షనే. సీజన్ చివరి రోజు దాకా ఆశ ఉంది, చివరికి ప్లేఆఫ్స్ (సీజన్ అయ్యాక కప్పు కోసం పై జట్లు ఆడే పోటీలు) అందలేదు.

2022లో అవే 90 గెలుపులు, కానీ ఇచ్చినదానికన్నా 67 పరుగులు ఎక్కువ కొట్టారు. సెప్టెంబర్ 30న మన ఆటగాడు కాల్ రాలీ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో హోమ్ రన్ (క్రికెట్‌లో సిక్సర్ లాంటిది) కొట్టి ఆట ముగించాడు. 2001 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్! ఆ రాత్రి ఊరంతా హారన్లే. ఇక 2025లో ఇదే లెక్కతో డివిజన్‌లో (తమ గ్రూపులో) మొదటి స్థానం గెలిచారు, వరల్డ్ సిరీస్‌కు ఒక్క గెలుపు దూరంలో టొరంటోతో ఏడు ఆటల సిరీస్‌ను 4–3తో ఓడారు. ఆ ఓటమి గురించి ఇప్పటికీ ప్రశాంతంగా మాట్లాడలేను.

ఇక 2001 సంగతి. ఆ ఏడాది మెరైనర్స్ 116 ఆటలు గెలిచారు. అంతకుముందు మూడేళ్లలోనే జట్టులోని పెద్ద ఆటగాళ్లు ర్యాండీ జాన్సన్, కెన్ గ్రిఫీ జూనియర్, అలెక్స్ రోడ్రిగెజ్ ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోయారు. ఇచిరో కొత్తగా వచ్చాడు. అలాంటి జట్టు అన్ని గెలిచింది, తర్వాత ప్లేఆఫ్స్ సిరీస్‌లో యాంకీస్ చేతిలో 4–1తో ఓడి ఇంటికి వచ్చింది. ‘116 గెలిచి ఏం లాభం?’ అని ఇక్కడివాళ్లే అంటారు. నేను ఒప్పుకోను. బేస్‌బాల్‌లో ఐదు ఆటల్లో ఏమైనా జరగొచ్చు. 2006లో కార్డినల్స్ 83–78తో సీజన్ ముగించి వరల్డ్ సిరీస్ గెలిచారు. వాళ్ల కప్పును నేను తక్కువ చేయను, కానీ ఆ ఏడాది అన్నిటికన్నా మంచి జట్టు వాళ్లది కాదు. దాదాపు రోజూ ఆడుతూ, ప్రయాణాలు, గాయాలు, అలిసిపోయిన పిచ్చర్లు (బంతి విసిరేవాళ్లు) అన్నీ తట్టుకుని 162 ఆటల్లో 116 గెలవడం అదృష్టంతో అయ్యే పని కాదు.

అనవసరంగా హడావుడి చేసేది ‘చరిత్రలో అత్యధికం’ అనే రికార్డుల విషయంలో. 2024లో వైట్ సాక్స్ 121 ఓడి, 1962 నాటి మెట్స్ 120 ఓటముల రికార్డును దాటారని ఎంత గోల చేశారో! మెట్స్‌కు ఫలితం తేలింది 160 ఆటల్లోనే, శాతం లెక్కన వాళ్లే ఇంకా అధ్వానం. అత్యధిక గెలుపుల రికార్డైన 116 కూడా అంతే. 1906లో కబ్స్ 36 మాత్రమే ఓడి అన్ని గెలిచారు, మెరైనర్స్ 46 ఓడారు. నా జట్టే అయినా, కబ్స్‌దే గొప్ప. వరుస గెలుపుల రికార్డులకు నేనిచ్చే విలువ ఇంకా తక్కువ. 2017లో క్లీవ్‌లాండ్ వరుసగా 22 గెలిచింది, అక్టోబర్‌లో ప్లేఆఫ్స్‌లో యాంకీస్ మీద 2–0 ఆధిక్యంలో ఉండి కూడా ఆ సిరీస్ పోగొట్టుకుంది.

మీరు ఈ ఏడాది నుంచే చూడటం మొదలుపెడితే, మే చివరి దాకా పట్టికను పెద్దగా పట్టించుకోకండి. జూన్‌లో గెలుపుల అంకెతో పాటు పరుగుల తేడా ఉండే గడి చూడండి. గెలుపులు ఎక్కువ ఉండి ఆ తేడా మైనస్‌లో ఉంటే, ఆగస్టులో ఆ జట్టు జారిపోయే అవకాశం ఎక్కువ.