సెమినార్ అంటే గొంతు పెగలడం లేదు

ప్రశ్న: ఇంటర్ వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఇప్పుడు ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో చేరాను. ఇంగ్లిష్ చదివితే అర్థమవుతుంది. సెమినార్‌కు లేచి నిలబడితే మాత్రం నోట మాట రాదు. ఏం చేయాలి?
– ఒక విద్యార్థిని, నరసరావుపేట

జవాబు: అమ్మాయీ, నీ ఉత్తరం చదువుతుంటే నా మొదటి సెమినార్ గుర్తుకొచ్చింది. రాత్రంతా బట్టీ పట్టిన నాలుగు పేజీల్లో ఒక్క మాట మరిచిపోగానే మిగిలినదంతా చెదిరిపోయింది. అందుకే చెబుతున్నాను, మొత్తం బట్టీ పట్టవద్దు. మొదటి రెండు వాక్యాలు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేలా నేర్చుకో. మిగతాది పోస్టుకార్డంత కాగితం మీద ఐదారు మాటలుగా రాసుకో.

నువ్వు తడబడుతున్నది తెలివి లేక కాదు. ‘నేను నిన్న గ్రంథాలయానికి వెళ్లాను’ అంటాం కదా, మనకు క్రియ చివర వస్తుంది. ఇంగ్లిష్‌లో అది కర్త వెంటే రావాలి. మనసులో తెలుగు వాక్యం పూర్తయ్యే వరకు ఆగితే నోరు ఆగిపోతుంది. ఎవరు, ఏం చేశారు అన్నవి ముందు చెప్పు. ఎక్కడ, ఎప్పుడు అన్నవి వెనకాల వస్తాయి. వంటింట్లో అమ్మ చేసే పనులను రోజూ ఇలాగే పైకి చెప్పి చూడు.

మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కనుక బస్‌ను బస్సు అంటాం. ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడు ఆ చివరి ‘ఉ’ వదిలెయ్యి. యాస గురించి బెంగ వద్దు.

వారానికోసారి ఖాళీ తరగతి గదిలో ఇద్దరు స్నేహితురాళ్లను చివరి బెంచీలో కూర్చోబెట్టి మాట్లాడు. వినిపించకపోతే చెయ్యి ఎత్తమను.